గొంతు సవరించుకున్న చిప్పు

వేలిగోరంత మైక్రోకంట్రోలర్‌కు తెలిసింది రెండే మాటలు: ఉంది, లేదు. అలాంటిది మనిషిలా మాట్లాడటం, తంబురాలా మోగడం దానికెలా సాధ్యమైంది? మంచి శబ్దం కోసం డబ్బూ బుర్రా ఎక్కడ పెట్టాలి?

పోలింగ్ బూత్‌లో మీట నొక్కగానే వచ్చే పొడవాటి కూత మనందరం విన్నదే. ఈవీఎంలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్ ఈసీఐఎల్, రెండోది బెంగళూరు బీఈఎల్. ఆ కూతకు ఉన్న పని ఒక్కటే. ఓటు పడిందని అట్ట మరుగుకు అవతల కూర్చున్న అధికారికీ ఏజెంట్లకూ తెలియాలి. అది అందంగా ఉందా లేదా అని ఎవరూ అడగరు.

అదే కిరాణా కొట్టు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెట్టి డబ్బు పంపగానే గల్లాపెట్టె పక్కనున్న చిన్న డబ్బా "నూట యాభై రూపాయలు అందాయి" అంటుంది. కొన్ని డబ్బాల్లో ఆ ముక్క చెప్పేది మహేశ్‌బాబు గొంతే. బేరం చేసే గొంతులు, మోటార్‌సైకిళ్ల రొద, పక్క కొట్టు టీవీ, వీటన్నిటి మధ్య ఆ మాట స్పష్టంగా వినపడాలి. 'యాభై' అన్నది 'అరవై'లా వినపడితే గొడవే. ఈవీఎంలో కూసేదీ కొట్టులో మాట్లాడేదీ దగ్గర చుట్టాలైన చిప్పులే. ఒకదాన్ని కూతతో సరిపెట్టి, రెండోదానితో మాట్లాడించడానికి మధ్య చాలా ఇంజినీరింగ్ నడిచింది.

దీన్ని గురించి ఇంజినీరింగ్ విద్యార్థులతో మాట్లాడితే ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎన్ని బిట్లు?" ఎనిమిదా, పదహారా, ఇరవై నాలుగా? నన్నడిగితే అడగాల్సిన వరసలో ఆ ప్రశ్న ఆఖరిది. ముందు స్పీకర్ ఎక్కడ బిగించారు, కరెంటు ఎంత శుభ్రంగా వస్తోంది, చిప్పు గడియారం ఎంత నిలకడగా కొట్టుకుంటోంది అని అడగాలి. అందరి కళ్లూ బిట్ల మీదే కాబట్టి, మనమూ అక్కడి నుంచే మొదలుపెట్టి కిందికి వద్దాం.

ఉంది–లేదు

మైక్రోకంట్రోలర్ పిన్ను మీద ఉంటే 5 వోల్టులు (కొత్త చిప్పుల్లో 3.3) ఉంటాయి, లేకపోతే సున్నా. శబ్దం అలాంటిది కాదు. గాలి ఒత్తిడి మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే అల అది. ఉంది, లేదు అనే రెండు మెట్ల మీద అలను నడిపిస్తే వచ్చేది బొంగురు కూతే. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లోనూ, 1982లో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌లోనూ ఉన్నది ఇలాంటి ఒంటి బిట్టు స్పీకరే. ఆ స్పెక్ట్రమ్ మీద కొందరు ప్రోగ్రామర్లు రెండు మూడు స్వరాలు కలిసి మోగుతున్నట్టు భ్రమ కల్పించారు. ప్రాసెసర్ మొత్తాన్ని ఆ పనికే ధారపోయాల్సి వచ్చేది. పాట మోగుతున్నంతసేపూ ఆట ఆగిపోయేది.

మధ్య వోల్టేజీ ఇవ్వలేని పిన్నుతో మధ్య వోల్టేజీ పుట్టించే ఉపాయం ఒకటుంది. పిన్నును చాలా వేగంగా వేస్తూ ఆపుతూ, వేసి ఉంచే వాటాను మారుస్తూ పోవాలి. సగంసేపు వేసి ఉంచితే సగటున రెండున్నర వోల్టులు, పావుసేపు ఉంచితే ఒకటింపావు. దీని పేరు పీడబ్ల్యూఎం. ఎల్ఈడీ వెలుగు తగ్గించడానికి వాడేదీ ఇదే. ఆ చకచకలను చదును చేయడానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు చాలు. 1 కిలో ఓమ్, 10 నానోఫారడ్ జోడీ కడితే దాదాపు 16 వేల హెర్ట్జ్ పైన ఉన్నదంతా క్రమంగా అణిగిపోతుంది.

కాలేజీ ప్రాజెక్టుల్లో అందరి చేతుల్లోనూ కనపడే ఆర్డ్యునో ఊనోలో ఈ సదుపాయం పుట్టుకతోనే ఉంది. కానీ చాలా పిన్నుల మీద దాని మామూలు వేగం సెకనుకు 490 సార్లు. అది మన చెవికి శుభ్రంగా వినపడే స్థాయి. అలాగే వాడితే పాట సంగతి దేవుడెరుగు, ముందు ఆ 490 రొద వినపడుతుంది. మొదటిసారి ప్రయత్నించి "ఈ బోర్డుతో కాదు" అని పక్కన పడేసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి మార్చాల్సింది టైమర్ రిజిస్టర్లో రెండు మూడు అంకెలు. చిప్పు గడియారం సెకనుకు 1 కోటి 60 లక్షల సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 256 మెట్లకు పంచితే వేగం 62,500 అవుతుంది. మనిషి చెవి హద్దు 20 వేలు. ఈ రొద దానికి చాలా పైన ఉంటుంది.

256 మెట్లంటే ఎనిమిది బిట్లు. పదహారు బిట్ల నాణ్యత కావాలని మెట్లను 65,536కు పెంచితే అదే గడియారం మీద వేగం సెకనుకు 244కు పడిపోతుంది, రొద మళ్లీ చెవిలోకే వస్తుంది. మెట్లు కావాలా, వేగం కావాలా? రెండూ ఒకేసారి దొరకవు. ఒక్కో బిట్టు పెరిగితే శబ్దానికీ దాని వెనకున్న బుసకీ మధ్య దూరం ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. ఎనిమిది బిట్లకు దాదాపు 50, పదహారు బిట్లకు 98.

అభిరుచితో పనిచేసేవాళ్లు దీనికి ఒక దొంగదారి కనిపెట్టారు, నాకు భలే నచ్చుతుంది. ఒక పిన్ను మీద పై ఎనిమిది బిట్లు, మరో పిన్ను మీద కింది ఎనిమిది బిట్లు పంపి, మొదటిదానికి 3.9 కిలో ఓమ్, రెండోదానికి 1 మెగా ఓమ్ రెసిస్టరు పెట్టి కలిపేస్తారు. రెండింటి నిష్పత్తి దాదాపు 256. అంటే రెండో పిన్ను మాట మొదటిదానిలో 256వ వంతే చెల్లుతుంది. రెసిస్టర్ల విలువలు కచ్చితంగా ఉండవు కాబట్టి పూర్తి పదహారు బిట్లు చేతికి రావు. కానీ ఎనిమిది బిట్ల బుస మాత్రం బాగా తగ్గిపోతుంది.

అసలైన దారి 1962లో టోక్యోలో దొరికింది. ఇనోసె, యసుదా, మురకామి అనే పరిశోధకులు డెల్టా–సిగ్మా పద్ధతిని ప్రతిపాదించారు. చేతిలో ఉన్న మెట్లు తక్కువైతే ప్రతి అడుగులోనూ కొంత తప్పు మిగులుతుంది. ఆ తప్పును వదిలేయకుండా తర్వాతి అడుగు ఖాతాలోకి జమచేస్తూ, అడుగులను చాలా వేగంగా వేస్తూ పోతే, బుస అంతా చెవికి అందని పై స్థాయిలకు తోసుకుపోతుంది. నేటి ఆడియో చిప్పుల్లో చాలావాటికి ఆధారం ఇదే. ఇరవై నాలుగు బిట్లని అట్ట మీద రాసున్న చిప్పు కూడా లోపల కొద్దిపాటి మెట్లతోనే, అతివేగంగా నెట్టుకొస్తుందన్నమాట.

ముక్కలు అతికే విద్య

ఊనో చిప్పులో ప్రోగ్రామ్ దాచుకునే చోటు 32 కిలోబైట్లు. టెలిఫోన్ నాణ్యతకు సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోటి ఒక బైటు. ఆ లెక్కన మొత్తం చిప్పులో పట్టేది నాలుగు సెకన్ల మాట. 1982లో జపాన్ మార్కెట్లోకి వచ్చిన సీడీ నాణ్యత కావాలంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోదానికి రెండు బైట్లు, పైగా రెండు చెవులకు రెండు. అప్పుడు చిప్పులో పట్టేది సెకనులో అయిదో వంతు కూడా ఉండదు. 'న' అనేలోపే అయిపోతుంది.

1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పిల్లల కోసం తెచ్చిన 'స్పీక్ అండ్ స్పెల్' అనే ఆటబొమ్మ ఈ చిక్కును వేరేగా దాటింది. గొంతును రికార్డు చేసి దాచలేదు. గొంతు నాళం ఏ క్షణంలో ఏ ఆకారంలో ఉందో చెప్పే అంకెలను దాచి, చిప్పులోనే గొంతును మళ్లీ పుట్టించింది. టెలిఫోన్‌కు సెకనుకు 64 వేల బిట్లు అవసరమైతే దీనికి వెయ్యి పైచిలుకు చాలాయి. గొంతు మరమనిషిదే అయినా మాట అర్థమయ్యేది.

ఇప్పుడంత పిసినారితనం అక్కర్లేదు. విడి ఫ్లాష్ చిప్పు, ఎస్‌డీ కార్డు చవక. ఏడీపీసీఎం పద్ధతిలో పదహారు బిట్లను నాలుగుకు కుదించవచ్చు. ఈఎస్‌పీ32 లాంటి చిప్పయితే ఎంపీ3ని తనే విప్పుకుంటుంది. అయినా లక్ష రకాల మొత్తాలను విడివిడిగా రికార్డు చేయించడం ఎవరివల్లా కాదు కాబట్టి, అంకెలు చెప్పే యంత్రాల్లో ముక్కలు అతకడమే రివాజు. రైల్వే స్టేషన్ ప్రకటనలు విన్నవాళ్లకు ఆ అతుకులు బాగా పరిచయం.

తెలుగు అంకెలు ఇక్కడ ఇంజినీరుకు పరీక్ష పెడతాయి. వంద రూపాయలకు 'వంద'. నూట పదహారుకు ఆ 'వంద' పనికిరాదు, 'నూట' వేరే ముక్క కావాలి. 'రెండు వందలు' ఒకటి, 'రెండు వందల యాభై'లోని 'వందల' ఇంకొకటి. 'వేలు', 'వేల', 'రూపాయి', 'రూపాయలు'. ఇంగ్లిష్ కోసం రాసిన ప్రోగ్రామ్‌లో ముక్కలు మార్చి తెలుగు పెట్టేస్తే 'రెండు వేలు వంద పదహారు' అని వస్తుంది. అర్థమవుతుంది, కానీ కొట్టువాడు నవ్వుతాడు. స్థాయి గొడవ మరొకటి. 'పదహారు' అని విడిగా చదివించుకుంటే గొంతు చివర్లో దిగిపోతుంది, దాని వెనక 'రూపాయలు' అతికితే వాక్యం మధ్యలో చచ్చిపోతుంది. అందుకే ఆ ముక్కను పూర్తి వాక్యంలో చదివించి, అందులోంచి కోసుకోవాలి. కోసే చోట అల సున్నాను దాటుతూ ఉండాలి, లేదా రెండు మూడు మిల్లీసెకన్లపాటు శబ్దాన్ని దించి ఎత్తాలి. లేకపోతే ప్రతి అతుకు దగ్గరా 'టక్' మంటుంది.

ఎనిమిది వేల నమూనాలతో ఇంకో ఇబ్బంది. సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తే అందులో సగం స్థాయి వరకే శబ్దం నిలుస్తుందని నైక్విస్ట్, షానన్ల సిద్ధాంతం. అంటే నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గోడ. 'స', 'శ' లాంటి ఊది పలికే అక్షరాల బలం చాలావరకు ఆ గోడ అవతలే ఉంది. పాత ల్యాండ్‌లైన్‌లో పేరు చెప్పేటప్పుడు అక్షరం విడమరిచి చెప్పాల్సి వచ్చింది అందుకే. మాట కోసమైతే 16 వేల నమూనాలు నా దృష్టిలో సరైన బేరం. మాటకు సీడీ నాణ్యత పెట్టడం చోటు దండగ.

లయ తప్పితే

బిట్లు, నమూనాలు కుదిరాక చెవి పట్టేసేది కాలాన్ని. 44,100 నమూనాలంటే ప్రతి 22.7 మైక్రోసెకన్లకు ఒకటి బయటికి పోవాలి. ఊనో గడియారం మీద ఆ సందులో పట్టేవి దాదాపు 363 టిక్కులు. ఆ సందులోనే బటన్ నొక్కారా అని చూడాలి, కార్డు చదవాలి, స్క్రీన్ మీద అంకె మార్చాలి. ఏదో ఒకటి ఆలస్యమై నమూనా ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ జరిగితే స్వరం గరగరలాడుతుంది. మృదంగం మీద చెయ్యి ఎంత తీపిగా పడినా లయ తప్పితే కచేరీ చెడుతుంది, ఇక్కడా అంతే. ఎనిమిది బిట్లు నిలకడ గడియారంతో వస్తే, తడబడే గడియారంతో వచ్చే పదహారు బిట్ల కన్నా నయంగా వినపడతాయి.

దీనికి మందు, ప్రాసెసర్‌ను ఆ పని నుంచి తప్పించడం. కొత్త చిప్పుల్లో డీఎంఏ అనే సహాయకుడు ఉంటాడు. రెండు బఫర్లు పెట్టుకుని, ఒకటి వినిపిస్తుండగా రెండోది నింపుకోవచ్చు. నింపడం ఆలస్యమైతే మాత్రం తెగిపోయిన మాటలు, చిటచిటలు. 1986లో ఫిలిప్స్ ప్రకటించిన ఐ2ఎస్ పద్ధతి మూడు తీగల మీద నడుస్తుంది. ఒకటి బిట్ల తాళం, ఒకటి ఎడమా కుడా అని చెప్పేది, మూడోది అసలు సమాచారం. వోల్టేజీ పుట్టించే బాధ్యత పూర్తిగా అవతలి చిప్పుది. మ్యాక్స్98357 అనే చిన్న చిప్పు ఈ మూడు తీగలు అందుకుని, 5 వోల్టుల కరెంటుతో 4 ఓమ్ స్పీకర్‌ను 3 వాట్ల దాకా మోగిస్తుంది. ఇంట్లో వినడానికి ఆంప్లిఫయర్‌కు కలపాలంటే పీసీఎం5102 లాంటివి ఉన్నాయి. 2021లో వచ్చిన రాస్ప్‌బెరీ పై పీకోలో ఐ2ఎస్ కోసం ప్రత్యేక విభాగం లేదు. కానీ పిన్నులను తమంతట తామే నడిపే బుల్లి యంత్రాలు అందులో ఉన్నాయి, ఆ పద్ధతిని వాటికి నేర్పవచ్చు. ఈఎస్‌పీ32లో అంకెలను వోల్టేజీగా మార్చే రెండు ఎనిమిది బిట్ల డాక్‌లు ఉన్నాయి. తర్వాతి ఎస్3, సీ3 చిప్పుల్లో వాటిని తీసేశారు. ఆ పనిని ఐ2ఎస్ అవతలి చిప్పు చేస్తుంది కాబట్టి దిగులుపడాల్సిన పనిలేదు.

గడియారం పట్టింపు శ్రుతిపెట్టె దగ్గర పతాకస్థాయికి చేరుతుంది. 1970ల చివర్లో బెంగళూరులో రాడెల్ సంస్థ ఎలక్ట్రానిక్ తంబురాను తెచ్చాక, సంగీతం మేష్టారి ఇంటి నుంచి కచేరీ వేదిక దాకా ఆ పెట్టెలు పాకిపోయాయి. గాయకుల చెవికి అయిదారు సెంట్ల తేడా కూడా తెలుస్తుంది. సెంటు అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు. ఊనోలోని ఏటీమెగా328 చిప్పును లోపలి గడియారం మీద నడిపితే ఫ్యాక్టరీ హామీ ప్లస్ లేదా మైనస్ 10 శాతమే. అంటే ఒకటిన్నర స్వరస్థానానికి మించి పక్కకు పోవచ్చు. మేష్టారు శ్రుతి ఒకటి అంటే పెట్టె ఒకటిన్నర దాటి మోగవచ్చు! ఊనో బోర్డు మీదుండే సెరామిక్ రెజొనేటర్ తప్పు సాధారణంగా అరశాతం, దాదాపు తొమ్మిది సెంట్లు. క్వార్ట్జ్ క్రిస్టల్ పెడితే సెంటులో పదో వంతు. బోర్డు ధరలో క్రిస్టల్ వాటా చిల్లర లెక్కే, ఇక్కడ పిసినారితనం చేయకూడదు.

గడియారం సరైనదైనా లెక్క తప్పవచ్చు. షడ్జమం 261.6 హెర్ట్జ్ అనుకుందాం. సెకనుకు 8,000 నమూనాల మీద ఒక ఆవృత్తికి 30.58 నమూనాలు పడతాయి. ఆ అరముక్కను 31కి సర్దేస్తే స్వరం 258కి దిగుతుంది, దాదాపు 24 సెంట్లు తక్కువ. మేష్టారు లేచి వెళ్లిపోతారు. అందుకని అలలో ఎంత దూరం వచ్చామో భిన్నాలతో సహా గుర్తుపెట్టుకునే 32 బిట్ల లెక్కపుస్తకం ఒకటి పెడతారు. ప్రతి నమూనాకూ దాన్ని కొంత పెంచుతూ పోవాలి. షడ్జమానికి ఆ పెంపు రెండు పాళ్లయితే పంచమానికి మూడు పాళ్లు. ఆ 3:2 నిష్పత్తి పూర్ణసంఖ్యల్లోనే కుదురుతుంది కాబట్టి పంచమం ఎప్పుడూ పక్కకు జరగదు.

నాదం సంగతి వేరే. తంబురా గుర్రం (బ్రిడ్జి) మీద, తీగ కింద దూర్చే దారం వల్ల పుట్టే ఝుంకారంలో ఎన్నో పై స్వరాలు ఉంటాయి. మన విశాఖలో బాల్యం గడిపిన సి.వి.రామన్ 1921లో దీని మీద పరిశోధన పత్రం రాశారు. పాత సిద్ధాంతం ప్రకారం ఉండకూడని స్వరాలు కూడా తంబురా, వీణల్లో వినపడుతున్నాయని, దానికి కారణం గుర్రం తీరేనని చూపించారు. చిప్పులో సాదా అల పెడితే ఆ ఝుంకారం రాదు. అసలు తంబురాను రికార్డు చేసి తిప్పితే వస్తుంది గానీ, ఒకే మీటు మళ్లీ మళ్లీ తిరుగుతోందని చెవి కాసేపట్లో కనిపెట్టేస్తుంది. ఒక్కో తీగకు నాలుగైదు మీటులు రికార్డు చేసి మార్చి మార్చి వాడితే ఆ విసుగు చాలావరకు పోతుంది.

కరెంటులో కలిసొచ్చేవి

ఫోన్ మోగబోయే ముందు రేడియోలో 'టడటడ టడటడ' అని వినపడిన రోజులు గుర్తున్నాయా? 2జీ ఫోన్ ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి ఉలిక్కిపడ్డట్టు సంకేతం పంపుతుంది. అంటే సెకనుకు 217 సార్లు, సరిగ్గా చెవికి అందే స్థాయి. ఆ క్షణంలో లాగే కరెంటు రెండు ఆంపియర్ల దాకా ఉండవచ్చు. కిరాణా కొట్టులో మాట్లాడే డబ్బా, అంటే సౌండ్‌బాక్స్, 2జీ సిమ్‌తో నడిచేదైతే అందులో అలాంటి రేడియో, ఆంప్లిఫయర్, స్పీకర్ అరచేతి వెడల్పులో కాపురం చేయాలి. వైఫై ఉన్న ఈఎస్‌పీ32కూ ఇదే తంటా. సంకేతం పంపేటప్పుడు 240 మిల్లీ ఆంపియర్ల దాకా గుంజుతుంది, వోల్టేజీ కుంగుతుంది, స్పీకర్ 'టిక్' మంటుంది.

దీనికి ప్రోగ్రామ్‌లో మందు లేదు. ఆంప్లిఫయర్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాలి. గ్రౌండ్ తీగలను ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టకుండా, కరెంటు వచ్చే చోటికే దేనికది విడిగా తేవాలి. వీలైతే శబ్దం వైపు రెగ్యులేటరు వేరుగా ఉంచాలి. ఇవి కొన్ని రూపాయల పనులు. నాణ్యతలో ఇవి తెచ్చే తేడాను డాక్ చిప్పు మార్చి తేలేం.

అట్టముక్క మహిమ

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది స్పీకర్. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న స్పీకర్ కొనుక్కొచ్చి, రెండు తీగలు అతికించి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి "శబ్దం పలచగా ఉంది, బిట్లు పెంచుదామా?" అంటారు. స్పీకర్ ముందుకు తోసిన గాలి, వెనక్కి లాగిన గాలి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దిగువ స్వరాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. ఒక అట్టపెట్టెకు స్పీకర్ మేర గుండ్రంగా కోసి, దానికి బిగించి, వెనక సందులు మూసి వినండి. అదే చిప్పు, అదే ప్రోగ్రామ్. నమ్మబుద్ధి కాదు.

ఎంత మంచి పెట్టెలో పెట్టినా నలభై మిల్లీమీటర్ల స్పీకర్ మగగొంతు మూలస్వరాన్ని పలకలేదు. అది వంద హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అయినా మనకు అది మగగొంతులాగే వినపడుతుంది. పై స్వరాలు అందితే చాలు, లేని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యనే పంపినా ఫోన్‌లో నాన్న గొంతు నాన్న గొంతే.

మెదడు చూపే ఆ ఔదార్యాన్ని ఇంజినీరు వాడుకోవచ్చు. పలకలేని దిగువ స్వరాలను స్పీకర్‌కు పంపడం వల్ల దాని కాగితం ఊరికే ఊగుతుంది, బ్యాటరీ ఖర్చవుతుంది, ఆ ఊపు మీద పడ్డ మాట కూడా బీటలు వారుతుంది. 250 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని ముందే వడకట్టేస్తే, మిగిలిన శబ్దాన్ని ఇంకాస్త గట్టిగా, పగలకుండా వినిపించవచ్చు. ఆ వడపోత రాయడానికి పట్టేది నాలుగైదు వరసల కోడ్. ఊనో లాంటి చిన్న చిప్పు కూడా ఆ పని చేసుకుంటూ మాట్లాడగలదు.